సరంగు చెవిలో సముద్రం

నర్సింగు చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తుంటారు. "అమ్మగారూ, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. ఏ తుఫానులోనో, ఏ కలరా వార్డులోనో నేను ప్రాణాలొడ్డి నిలబడిన కథ వినాలని వాళ్ల ఆశ. నేను చెప్పేది మాత్రం ఒక చెవి కథ. అదీ రెండు చెవులు కాదు, ఎడమది ఒక్కటే. వాళ్ల మొహాలు వాడిపోతాయి. అయినా చెప్తాను. ముసలితనంలో ఉన్న కొద్దిపాటి సుఖాల్లో ఇదొకటి, వినేవాళ్లు మర్యాదకి కట్టుబడి మధ్యలో లేచిపోలేరు.

డెబ్బైల చివర మాట ఇది. గాజువాక అవతల ఉక్కు కర్మాగారం కోసం నేల చదును చేస్తున్న రోజులు. నేను అప్పుడే పాసై వన్‌టౌన్‌లో ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరాను. ఆ ఆసుపత్రి ఇప్పుడు లేదు. దాని స్థలంలో లాడ్జి లేచింది, కాబట్టి ఎవరికీ భయపడకుండా మాట్లాడొచ్చు. మా నాన్న పోర్టులో క్రేను నడిపేవారు. ఆదివారం చర్చి అయ్యాక దొరికినవాళ్లందరికీ "మా అమ్మాయి సిస్టరైంది" అని చెప్పి, నన్ను పిలిచి మరీ చూపించేవారు. ఆ చూపించుకోవడం వల్ల నాకు తల కాస్త బరువెక్కింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారే, అలా తిరిగేదాన్ని వార్డులో. పుస్తకంలో ఉన్నదంతా నాకు తెలుసు, పుస్తకంలో లేనిది లోకంలో లేదు అన్నట్టుండేది నా వాలకం.

మా హెడ్ సిస్టరు విజయనగరం వైపు మనిషి. ఆవిడ తిట్టదు, చూస్తుంది. ఆ చూపుకి మా నెత్తిమీది టోపీలు వాటంతటవే సరిగ్గా కూర్చునేవి. "పుస్తకం నీ బుర్రలో ఉంది, సరే. పేషెంటు మంచం మీదున్నాడు. ముందు ఎటు చూడాలి?" అని అడిగేది. నేను రెండు వైపులా చూడగలనని నా ధీమా.

ఒకరోజు పొద్దున్నే హార్బరు నుంచి రిక్షాలో ఒక మనిషిని తెచ్చారు. అతనొక సరంగు. అంటే మరబోటు నడిపే పెద్ద, బోటులో అతని మాటే మాట. ఆ పెద్దమనిషి, ఒక బోటు అంచు మీంచి పక్క బోటు మీదకి దూకగలనని పందెం కాసి దూకాడు. రెండు బోట్ల మధ్య పడ్డాడు. పడుతూ పడుతూ తల ఎడమ పక్క చెక్కకి కొట్టుకుంది. నీళ్లలో మునిగాడు, జట్టువాళ్లు లాగి ఒడ్డున పడేశారు. కాసేపు స్పృహ లేదు. మా దగ్గరికి వచ్చేసరికి పేరూ ఊరూ చెబుతున్నాడు, టీ కూడా అడిగాడు. తల మీద చీలిక కుట్టాం. ఇక ఇంటికి పంపడమే అనుకున్నారు వెంట వచ్చిన చుట్టాలంతా.

మర్నాడు డ్యూటీకి వచ్చి చూస్తే అతని తలగడ ఎడమ పక్క తడిగా ఉంది. చెవిలోంచి ఎర్రమట్టి నీళ్లలా పల్చగా ఏదో కారుతోంది. చెవి వెనక చర్మం నల్లగా కమిలింది. నేను వెంటనే డాక్టరుగారికి కబురు పెట్టాను. ఆయన చూశారు, ఎక్స్‌రే తీయించారు, పుర్రె అడుగున ఎముక సన్నగా చిట్లిందన్నారు.

ఇక్కడ కాస్త పాఠం చెప్పక తప్పదు, ఓర్చుకోండి. మెదడు చుట్టూ ఒక నీరుంటుంది. తలకి దెబ్బ తగిలి ఆ ఎముక చిట్లితే, ఆ నీరు చెవి దారిన బయటికి వస్తుంది. నీరు బయటికి రావడం కన్నా పెద్ద భయం, అదే దారిన బయటి మురికి లోపలికి పోవడం. పోతే మెదడు పొరలకి జ్వరం పడుతుంది. ఆ రోజుల్లో ఆ జ్వరం పట్టిన మనిషిని దక్కించుకోవడం కష్టం. కాబట్టి చెవిలో దూది కుక్కకూడదు, మందు వేయకూడదు, కడగకూడదు. పైన శుభ్రమైన గుడ్డ వదులుగా ఆనించి, తడిసినప్పుడల్లా మార్చాలి. మనిషిని తల ఎత్తుగా పెట్టి కదలకుండా పడుకోబెట్టాలి. ముక్కు చీదకూడదు, ముక్కకూడదు, బరువెత్తకూడదు. గట్టిగా నవ్వకూడదు కూడా. అలా ఉంటే చాలాసార్లు దానంతటదే మూసుకుంటుంది. అంటే అతనికి మేం చేయాల్సిన వైద్యమల్లా, ఎవరినీ ఏమీ చేయనివ్వకపోవడం. అది ఎంత కష్టమో నాకు ఆ వారంలోనే తెలిసింది.

డాక్టరుగారు రౌండు ముగించి వెళ్లగానే నేను గుడ్డలు తేవడానికి పక్క గదిలోకి వెళ్లాను. తిరిగొచ్చి చూద్దును కదా, మా సరంగు మంచం దిగి, తల ఎడమ పక్కకి వాల్చి, వార్డు మధ్యలో ఒంటికాలి మీద గెంతుతున్నాడు. అతన్ని ఒక చేత్తో చంక కింద పట్టుకుని ఒక బలమైన మనిషి, అరచేత్తో కుడి కణత మీద టపటపా కొడుతున్నాడు.

"గెంతు బావా, ఇంకో నాలుగు గెంతు! వచ్చీత్తంది, వచ్చీత్తంది!"

ఈ కొట్టేవాడు సరంగు చెల్లెలి మొగుడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. నేను మాత్రం ఈ చెల్లెలి మొగుణ్ణే బావ అంటాను, లేకపోతే మీరూ నేనూ కలిసి తికమకపడతాం. చుట్టూ చుట్టాలు నిలబడి ప్రోత్సహిస్తున్నారు. కాలికి కట్టుతో పడుకున్న గాజువాక కూలీ ఒకాయన మంచం మీంచే లెక్క పెడుతున్నాడు.

"ఆపండి!" అని అరిచాను. "ఏం చేస్తున్నారు? చచ్చిపోతాడు!"

"ఏటీ కాదు సిస్టరమ్మగోరూ," అన్నాడు బావ నాకు ధైర్యం చెబుతూ. "నీట్లో పడ్డాడు గదా, సంద్రం నీరు సెవిలోకి దిగిపోనాది. మాకిది రోజూ ఉన్నదే. ఓ పాలి గెంతిత్తే బయటికొచ్చీత్తాది. మీ మంచానికి శ్రమెందుకు, సాయంత్రానికి తీసుకుపోతాం."

సరంగుని మంచం ఎక్కించి, అది సముద్రపు నీరు కాదని, తలలోపలి నీరని చెప్పాను. వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తలలో నీరుంటుందన్న మాట వాళ్లకి అవమానంగా తోచినట్టుంది. అప్పుడు వెనకనుంచి సరంగు తల్లి ముందుకొచ్చింది. సన్నగా, నల్లగా, ఎండుచేపలా గట్టిగా ఉంది ముసలమ్మ. అడ్డపొగ తాగే మనిషి, అంటే చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగుతుంది. గేటు దగ్గర ఆర్పిన చుట్ట కొప్పులో దోపుకుని ఉంది. కొడుకు చెంప మీద కారుతున్న దాన్ని వేలితో తుడిచింది, నేను ఆపేలోపు నాలిక మీద పెట్టుకుంది.

పులుసు రుచి చూసినట్టు కళ్లు మూసుకుని చప్పరించింది.

"ఉప్పగుంది. సంద్రం నీరే."

అంతే, తీర్పు అయిపోయింది. చుట్టాలంతా ఊపిరి పీల్చుకున్నారు. సరంగు పెళ్లాం ఒక్కతే మంచం కాళ్ల దగ్గర, కొంగు చేత్తో నలుపుకుంటూ నిలబడి ఏమీ అనలేదు. అత్త ఉన్నచోట ఆ అమ్మాయి నోరు విప్పగా నేను చూడలేదు.

ఇంతకీ వీళ్ల తొందరకి కారణముంది. బావ కొత్త బోటు కట్టించుకున్నాడు. దాన్ని నీట్లోకి దింపడానికి మంచిరోజు పెట్టించుకున్నాడు, ఆ రోజు ఆ వారంలోనే ఉంది. మొదటిసారి చుక్కాని పట్టాల్సింది మా సరంగే. అతని చేయి పడిన బోటుకి చేపలు వాటంతటవే ఎదురొస్తాయని హార్బరంతా అనుకునేది. "మా బావ సెయ్యి పడకుండా నా బోటు నీట్లోకి దిగదు" అన్నాడు బావ. ఇతను మంచం దిగితే ప్రాణానికి పూచీ లేదన్నాను నేను. మా ఇద్దరి మధ్యా ఆ చెవి.

తర్వాత రెండుమూడు రోజులు నా పని ఆ చెవిలోంచి వస్తువులు తీయడమే. నేను అటు తిరిగితే చాలు, ఎవరో ఒకరు దానికి బిరడా పెట్టేవాళ్లు. కొబ్బరినూనెలో ముంచిన దూది ఒకసారి, కాల్చిన వెల్లుల్లి రెబ్బ ఒకసారి, గంగమ్మ గుడినుంచి తెచ్చిన పసుపు ముద్ద ఒకసారి. ఒక మేనత్తగారు అయితే తమలపాకు చుట్టి గొట్టంలా చేసి, ఊదడానికి సిద్ధంగా బుగ్గలు పూరించి ఉండగా పట్టుకున్నాను. నేను తీయడం, వాళ్లు పెట్టడం. లోపలికి మాత్రం ఏదీ దిగకుండా దేవుడే కాపాడాడు, నా ప్రజ్ఞ అని చెప్పుకోను.

ఇలా లాభం లేదు, సైన్సుతో కొట్టాలి అనుకున్నాను. మా ట్యూటరుగారు చెప్పిన పాఠం ఒకటుంది. చెవి కింద పెట్టిన తెల్లగుడ్డ మీద రక్తం మధ్యలో ఎర్రచుక్కగా నిలిచి, దాని చుట్టూ తేటగా వలయం కడితే, అది తలలోని నీరని అనుమానించాలి. సరంగు గుడ్డ మీద ఆ వలయం దివ్యంగా కట్టింది. చుట్టాలందర్నీ పిలిచి, కిటికీ వెలుతురులో ఆ గుడ్డ ఎత్తి పట్టుకున్నాను. వార్డులో కదలగలిగినవాళ్లంతా వచ్చారు.

"చూశారా? మధ్యలో రక్తం, చుట్టూ వలయం. ఇది మెదడు నీరే. సముద్రపు నీరైతే ఇలా వలయం కట్టదు!"

ఈ చివరి మాట మా ట్యూటరుగారు చెప్పలేదు. ఊపులో నేనే కలిపాను. బావ ఆ గుడ్డని అటూ ఇటూ తిప్పి చూసి, "అలాగా సిస్టరమ్మగోరూ" అని బుద్ధిగా వెళ్లిపోయాడు. నేను గెలిచానని టోపీ సర్దుకున్నాను.

మర్నాడు బావ మళ్లీ వచ్చాడు. ఒక చేతిలో ఖాళీ బ్రాందీ సీసా నిండా సముద్రపు నీరు, రెండో చేతిలో ఆకులో చుట్టిన కానాగంత చేప, ఇంకా తళతళలాడుతోంది. నేను ఏమిటని అడిగేలోపే కిటికీ గట్టు మీద తెల్ల తువ్వాలు పరిచాడు. చేప మొప్ప కోసి రక్తం సీసా మూతలోకి పిండాడు, దాంట్లో సముద్రం కాస్త పోశాడు, వేలితో కలిపి తువ్వాలు మీద ఒక చుక్క వేశాడు. అందరం వంగి చూశాం. చుక్క నెమ్మదిగా పాకింది. మధ్యలో ఎరుపు నిలిచింది. చుట్టూ తేటగా, గుండ్రంగా, అందంగా, నా వలయం కన్నా మంచి వలయం కట్టింది.

వార్డంతా చప్పట్లు కొట్టింది. గాజువాక కూలీ ఈలవేశాడు.

"మరిదేటి సిస్టరమ్మగోరూ? ఈ సేపకి కూడా తల సిట్లిందేటి?" అన్నాడు బావ చాలా వినయంగా.

నా పరువు గంగలో కలిసింది. అప్పుడే గుమ్మంలో హెడ్ సిస్టరు కనిపించింది. ఆపరేషన్ల వార్డులో చేప కోసిన మనిషిని, దాని పక్కన నోరు తెరుచుకుని నిలబడ్డ నన్ను ఒకసారి చూసింది. నేను గట్టు కడిగాను, నేల కడిగాను, నీచు వాసన పోక మళ్లీ ఫినాయిలు వేసి కడిగాను. బావ మాత్రం ఆ సీసా తీయనివ్వలేదు, సాక్ష్యమట. అది కిటికీలోనే ఉండిపోయింది.

డాక్టరుగారికి చెప్పుకుంటే ఆయన కళ్లజోడు తీసి మరీ నవ్వారు. "సముద్రపు నీటికి వలయం రాదని నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదండి."

"రక్తంలో మామూలు నీళ్లు కలిసినా కట్టొచ్చు, కన్నీళ్లు కలిసినా కట్టొచ్చు. వలయం కనబడితే అనుమానపడాలి. తీర్పు చెప్పకూడదు. దెబ్బ ఎలా తగిలింది, చెవి వెనక కమిలిందా, రోజులు గడిచినా తడి ఆరలేదా, ఎక్స్‌రే ఏమంటోంది, అన్నీ కలిపి చూడాలి. ఈ కేసులో మనకి అనుమానం లేదు. వాళ్లని ఆపడం నీ వంతు."

పిల్లలూ, ఈ ముక్క రాసుకోండి. మిగతాది వదిలేసినా ఫరవాలేదు.

మంచిరోజు రానే వచ్చింది. తెల్లారేసరికి రిక్షా గేటు దగ్గర ఆగి ఉంది. దానికి బంతిపూల దండ కూడా కట్టారు. డాక్టరుగారు ఆపరేషను గదిలో ఉన్నారు. బావ కొత్త పంచె, కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. తీసుకెళ్లి తీరతామంటే ఆపడానికి మాకు హక్కు లేదు. హెడ్ సిస్టరు బాధ్యత మీదేనని చెప్పి చూసింది, మంచిగా చెప్పింది, గట్టిగా కూడా చెప్పింది. బావ చేతులు జోడించాడే తప్ప వెనక్కి తగ్గలేదు.

"పూట సేపే అమ్మా. సుక్కాని మీద సెయ్యేత్తాడు, తిరిగొచ్చీసి పడుకుంటాడు."

సరంగు కూడా లేచి కూర్చున్నాడు. అతనికీ వెళ్లాలనే ఉంది. మంచం కింద చెప్పుల కోసం వంగాడు. వంగగానే చెవిలోంచి టపటపా చుక్కలు రాలి భార్య పట్టుకున్న ఉతికిన చొక్కా మీద పడ్డాయి. అతను తల పట్టుకుని, నొప్పి కనబడకుండా పళ్లు బిగించాడు. నేను చూశాను. భార్య కూడా చూసింది. ఆ అమ్మాయి కళ్లలో భయం ఇప్పటికీ నాకు గుర్తుంది. ఆ రిక్షాలో, ఆ రోడ్డు మీద, ఆ ఎండలో, నూనె చేతులూ చేపల చేతులూ తడిమే ఆ చెవితో ఇతను వెళ్తే మళ్లీ రాడేమోనని నాకు ఏడుపొచ్చింది. వలయం పోయింది, మాట చెల్లలేదు. ఇంక నా దగ్గర ఏముంది?

కిటికీలో సీసా ఉంది.

"అమ్మా," అన్నాను ముసలమ్మతో. "ఆ రోజు నువ్వు రుచి చూసినప్పుడు చుట్ట తాగి వచ్చావు కదా?"

"తాగితే?"

"చుట్ట కాలిన నాలిక మీద ఉప్పు ఎంతో ఏం తెలుస్తుంది?"

అంతమాట ఆవిణ్ణి ఎవరూ అనలేదనుకుంటాను. చుట్టాలు ఒకడుగు వెనక్కి వేశారు.

"ఓలమ్మో! నా నాలికనే అంతన్నావేటి నువ్వు? పులుసు పొయ్యి మీదుండగానే వాసన సూసి ఉప్పు సెప్తాను నాను! ఏ రేవులో నీరు ఏ రుసో సెప్తాను!"

"అయితే నోరు బాగా పుక్కిలించి రా. ఆ సీసాలోది మీ అల్లుడు తెచ్చిన సముద్రం. అది రుచి చూడు. తర్వాత ఇది చూడు. రెండూ ఒకటేనని నువ్వు అంటే, నేనే అతన్ని రిక్షా ఎక్కిస్తాను."

ఎక్కడినుంచి వచ్చిందో ఆ ధైర్యం. అలా అనేశాక గానీ తట్టలేదు, ఆవిడ ఒకటే అంటే నేనేం చేస్తాను?

ముసలమ్మ వరండాలోకి వెళ్లింది. కొప్పులోంచి చుట్ట తీసి గోడ మీద పెట్టింది. కుండెడు నీళ్లతో పుక్కిలించింది, బూడిదతో నాలిక రుద్దుకుంది, మళ్లీ పుక్కిలించింది. లోపలికి వచ్చింది. సీసాలోని నీళ్లు అరచేతిలో పోసుకుని నాలిక తడిపింది. మొహం చిట్లించింది.

"ఇది సంద్రం."

మళ్లీ నోరు కడుక్కుంది. "చెవి ముట్టుకోకు, గుడ్డ మీదదే" అన్నాను. చెవి కింద అప్పుడే తడిసిన గుడ్డ మీద వేలు ఒత్తి, నాలిక మీద పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. తెరవలేదు. ఇంకోసారి ఒత్తి, ఇంకోసారి పెట్టుకుంది.

"ఏటత్తా?" అన్నాడు బావ. "అదే గదా?"

"కాదు." ఆవిడ కళ్లు తెరిచింది. "ఉప్పు సాల్లేదు. సంద్రం ఇంత పల్సగుండదు."

"మరేటి?"

"కన్నీరు. ఏడిసినప్పుడు మూతి మీదికి కారతాది సూడు, అదీ రుసి. మీ మావ సంద్రంలో పోయినకాడినుంచి నాను తాగినంత కన్నీరు ఇక్కడెవులు తాగినారు? నాకు తెలీదేటి?"

ఆవిడ వేలు కొంగుకి తుడుచుకుని, కొడుకు రొమ్ము మీద చేయి వేసి వెనక్కి తోసింది.

"తొంగో. కదిలితే కాళ్లిరగ్గొడతాను. అల్లుడా, నీ బోటు నువ్వే దింపుకో."

"అత్తా, మంచిరోజు..."

"బోటు కొయ్య. పోతే ఇంకోటి సేయించుకుంటావు. తల ఇంకోటి ఎవుడు సేత్తాడు?"

పూలదండతో ఉన్న రిక్షా ఎక్కి బావ ఒక్కడే వెళ్లిపోయాడు. అప్పుడు చూశాను, హెడ్ సిస్టరు ఇంతసేపూ గుమ్మంలోనే ఉంది, మొహం మాత్రం వీధివైపు తిప్పుకుని. నన్ను పక్కకి పిలిచింది.

"ఈ పరీక్ష ఏ పుస్తకంలో ఉంది?"

"ఏ పుస్తకంలోనూ లేదండి."

"ఉండకూడదు కూడా. ఆవిడ చేతులు కడిగించు. నువ్వూ కడుక్కో."

పిల్లలూ, మీకూ అదే చెబుతున్నాను. పేషెంటు ఒంట్లోంచి వచ్చినదాన్ని నాలిక మీద పెట్టడం పరీక్ష కాదు, పిచ్చిపని. ఆవిడ అదృష్టం బాగుంది, నా అదృష్టం ఇంకా బాగుంది. కాకపోతే ఆవిడ చెప్పింది తప్పు కాదు. ఆ నీటిలో ఉప్పు కన్నీళ్లలో ఉన్నంతే ఉంటుంది, సముద్రంలో దానికి నాలుగింతలు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం నేను గాల్లో రాయి విసిరాను, అది ముసలమ్మ చేతిలో పడింది.

ఆనాటినుంచి ఆ చెవికి నేను కాపలా కాయాల్సిన అవసరమే రాలేదు. ముసలమ్మ తాటాకు విసనకర్ర పుచ్చుకుని మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. దూది పట్టుకొచ్చిన మేనత్తకి విసనకర్ర కాడతో ఒకటి పడింది. డాక్టరుగారు చెవిలోకి చూసే గొట్టం తీస్తే, "ఏటి పెడతన్నావు బాబూ సెవిలో? సెవిలో ఏటీ పెట్టకూడదని మీ సిస్టరమ్మ సెప్పనేదా?" అని అడ్డం పడింది. ఆయన గొట్టం జేబులో పెట్టేసుకుని, నిజమే, దూరంనుంచే చూస్తానన్నారు. బయటికొచ్చాక నాతో, "నాకు అసిస్టెంటు అక్కర్లేదు, ఆవిణ్ణి వేసుకుంటాను" అన్నారు.

ఇక నవ్వు బెడద. బోటు దింపిన సాయంత్రం బావ వచ్చాడు, మొహం వేలాడేసుకుని. కొబ్బరికాయ కొట్టారట, హారతిచ్చారట, ఇంజను వేశారట. బావ చుక్కాని పట్టాడు. ఇంజను అరుస్తోంది, పొగ చిమ్ముతోంది, బోటు మాత్రం కదలదు. గంగమ్మకి కోపమొచ్చిందని ముసలివాళ్లు దండాలు పెట్టారట. ఇంకో కొబ్బరికాయ కొట్టారట. చివరికి ఎవరో చూస్తే, వెనక మోకు ఒడ్డున గుంజకి కట్టే ఉంది, విప్పడం మరిచిపోయారు.

సరంగు మొహం ఎర్రబడింది. పెదాలు బిగించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మంచం ఊగడం మొదలెట్టింది.

"నవ్వకు!" అన్నాను నేను.

"నవ్వకు!" అంది తల్లి విసనకర్ర ఎత్తి.

అతను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. బావ ఇంకా చెప్పబోతుంటే వరండాలోకి గెంటేశాను. వార్డులో మిగతావాళ్లు అతని బదులు కూడా నవ్వేశారు. గాజువాక కూలీ కట్టుకాలు పట్టుకుని మరీ నవ్వాడు.

జ్వరం రాలేదు. మెడ బిగుసుకోలేదు. రోజూ పొద్దున్న నేను వచ్చేసరికి గుడ్డ మీద తడి చిన్నదవుతూ వచ్చింది. ఒకనాడు గుడ్డ పొడిగా ఉంది. మర్నాడూ పొడిగానే ఉంది. ముసలమ్మ తలగడంతా తడిమి చూసి, మా హెడ్ సిస్టరుకి దండం పెట్టింది, నాకూ పెట్టింది, గోడ మీది సిలువకీ ఒకటి పెట్టింది. పనిలో పనిగా కొప్పులో గంగమ్మ పువ్వు సర్దుకుంది. డాక్టరుగారు మాత్రం ఒక మాట మిగిల్చారు. ప్రాణానికి భయం తీరింది, కానీ చిట్లిన ఎముక లోపలి చెవిని దెబ్బతీసి ఉంటే ఆ పక్క వినబడకపోవచ్చు. ఇంజను చప్పుడులో తేడా వినిపించకపోతే సరంగు పని ఇక చేయలేడు.

ఇంటికి పంపేముందు చూడమన్నారు. కళ్లు మూసుకుని విన్నది తిరిగి చెప్పమని చెప్పి, నేను అతని కుడి చెవి అరచేత్తో గట్టిగా మూసి, ఎడమ పక్క మూరెడు ఎడంగా వంగి, నెమ్మదిగా ఊరి పేర్లు చెప్పాను. భీమిలి అన్నాను. పెందుర్తి అన్నాను. మాట్లాడలేదు. కాస్త గొంతు పెంచి ఆనందపురం అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. హెడ్ సిస్టరు వచ్చి ప్రయత్నించింది. అదే ఊపు. తల్లి "నాయనా, ఇనపడతందా!" అని అరిచింది. అది వీధిలోని రిక్షావాళ్లకి కూడా వినబడింది కాబట్టి లెక్కలోకి రాదు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. బావ గోడవైపు తిరిగిపోయాడు. నవ్విన వార్డంతా ఆ పూట నోరు మూసుకుని చూస్తోంది.

అప్పుడు మంచం కాళ్ల దగ్గరనుంచి చిన్న గొంతు వినిపించింది.

"నాను ఓ మాట సెప్పొచ్చా సిస్టరమ్మా?"

భార్య. నేను కుడి చెవి ఇంకా గట్టిగా మూసి, రమ్మని సైగ చేశాను. ఆ అమ్మాయి వచ్చి మొగుడి ఎడమ చెవి దగ్గర వంగింది. చేయి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పింది. పక్కనే ఉన్న నాకు వినబడలేదు. అత్తకి వినబడలేదు. కొంచెం సేపు చెప్పింది, ఇన్నాళ్లూ దాచుకున్నదంతా చెప్పినట్టుంది. అతను కదలకుండా పడుకున్నాడు. నాకు ఆశ పోయింది.

సరంగు మూసిన కళ్లు మూసినట్టే ఉంచి, బడిలో దెబ్బలు తిన్న పిల్లాడిలా అన్నాడు.

"తప్పైపోనాదే. ఇంకెప్పుడూ పందేలు కాయను."